ఆ వేసవిలో మన సరిహద్దు

(యానాంలో చేసిన స్మారకోపన్యాసం పూర్తి పాఠం)

 

మాకు చరిత్ర పాఠం చెప్పిన మేష్టారి పేరున ఈ సభ తలపెట్టినప్పుడు నిర్వాహకులు నన్ను యానాం చరిత్ర మీద మాట్లాడమన్నారు. ఫ్రెంచి పాలన గురించో, 1954 జూన్ 13 నాటి విమోచన గురించో, దడాల రఫేల్ రమణయ్య గారి గురించో చెబుతానని వారు అనుకుని ఉంటారు. ఆ కథలు మేష్టారి నోట తరగతి గదిలో విన్నవాళ్లు ఈ హాల్లోనే ఇంతమంది ఉన్నారు. వాళ్ల ముందు నేను మళ్లీ చెప్పడం బాగుండదు. అందుకని కరోనా వచ్చిన 2020 వేసవినీ, దాని వెనకే వచ్చిన 2021 వేసవినీ తీసుకున్నాను. అవీ యానాం చరిత్రే. ఆయన్ను మన నుంచి తీసుకుపోయింది ఆ రెండో వేసవే.

నాది నీలపల్లి. మా ఇంటి నుంచి ఈ హాలుకు నడిచి వచ్చాను. దారిలో రాష్ట్రం మారింది. ఎవరూ ఆపలేదు, ఎవరూ అడగలేదు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఇంతే. మేష్టారి దగ్గర ట్యూషనుకు వచ్చినప్పుడు రోజుకు రెండుసార్లు రాష్ట్రం దాటుతున్నానని నాకు తెలియదు. తెలియాల్సిన అవసరం కూడా రాలేదు. అవసరం వచ్చిన రోజుల గురించే ఈ ఉపన్యాసం.

దీన్ని అచ్చులో చదివే దూరప్రాంతాల వారి కోసం కొన్ని సంగతులు చెప్పాలి. యానాం 30 చదరపు కిలోమీటర్ల ఊరు. 2011 జనగణనలో జనాభా 55,626. కేంద్రపాలిత ప్రాంతమైన పుదుచ్చేరిలో భాగం. ఆ పుదుచ్చేరి ఇక్కడికి 870 కిలోమీటర్లు. కాకినాడ 30 కిలోమీటర్లు. ఉత్తరానికి నడిచినా పడమటికి నడిచినా ఆంధ్రప్రదేశ్ వస్తుంది. గోదావరి పాయ గౌతమి దాటితే ఎదుర్లంక, అదీ ఆంధ్రప్రదేశే. మన పిన్‌కోడు 533464, అంటే గోదావరి జిల్లాల వరసలోదే. ఫోను కోడు కాకినాడదే, 0884. పిల్లలు చదివిన పాఠాలు ఆంధ్ర బోర్డువి. బండి నంబరు మాత్రం పీవై 04. ఉత్తరం, ఫోను, బడి ఒక రాష్ట్రానివి. బండి, రేషన్ కార్డు, ఓటు ఇంకో ప్రభుత్వానివి. కాకినాడ నుంచి అమలాపురం పోయే బస్సు 216వ నంబరు జాతీయ రహదారి మీద యానాం మధ్య నుంచే వెళ్లాలి. లెక్క ప్రకారం ఆ బస్సులో కూర్చున్నవాళ్లు రెండుసార్లు రాష్ట్రం దాటుతారు. టిక్కెట్టు కొట్టే కండక్టరు కూడా ఆ సంగతి తలుచుకోడు.

ఈ సరిహద్దు గీత ఒకప్పుడు రెండు రాజ్యాల మధ్యది. శారదా చట్టం 1930 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చాక, పసిపిల్లల పెళ్లిళ్లు చేయడానికి బ్రిటిష్ ఇండియా వైపు నుంచి బళ్లు కట్టుకుని యానాం వచ్చేవారు. విదేశీ సరుకు కోసం మంగళవారం సంతకు వచ్చేవారు. అటు చట్టం నుంచి తప్పించుకోవడానికి ఇటు రావడం, ఇటు పన్ను నుంచి తప్పించుకోవడానికి అటు పోవడం, రెండూ ఉండేవి. 1954 నవంబరు 1న పాలన భారత ప్రభుత్వం చేతికి వచ్చింది; 1962 ఆగస్టు 16న అది చట్టరీత్యా ఖాయమైంది. ఆ తర్వాత గీత పటంలో మిగిలింది గాని మన కాళ్ల కింద మిగల్లేదు. గౌతమి మీద బాలయోగి గారి పేరున వారధి వచ్చి, పంటు మీద దాటే అవస్థ కూడా తీరాక, ఎదుర్లంక, యానాం, నీలపల్లి ఒక ఇంట్లో మూడు గదుల్లాగే అయిపోయాయి.

2020 మార్చి 22 ఆదివారం జనతా కర్ఫ్యూ. 25న శార్వరి నామ సంవత్సర ఉగాది. ఆ తెల్లవారేసరికి దేశమంతా లాక్‌డౌన్. వేపపువ్వు కోసం పక్క దొడ్లోకి వెళ్లడానికి కూడా వెనకాముందూ చూసుకున్న ఉగాది అది. అంతకు వారం ముందే, మార్చి 17న, మాహేలో పుదుచ్చేరి ప్రాంతపు తొలి కేసు బయటపడింది. మాహే మలబారు తీరంలో ఉంది, అదీ మనలాగే పొరుగు రాష్ట్రం మధ్య చిక్కుకున్న ఊరు. అక్కడ ఎవరికో జ్వరం వస్తే ఇక్కడ మన దారుల మీద కర్రలు కట్టారు, రెండింటికీ ప్రభుత్వం ఒకటే కాబట్టి. అదే సమయంలో కాకినాడలో ఏం జరుగుతోందో చెప్పే అధికారం యానాంలో ఎవరికీ లేదు.

ముందు వరసలో కూర్చున్న మేష్టారి భార్య, మన అమ్మగారు, ఆ సంవత్సరపు పంచాంగం క్యాలెండరు పారేయకుండా దాచారు. ఈ ఉపన్యాసం కోసం నాకు ఇచ్చారు. మన ఇళ్లలో క్యాలెండరు గడిలో పాల లెక్క రాసుకుంటాం కదా, మేష్టారూ అలాగే రాసేవారు. ఆ మార్చి నెలాఖరు నుంచి గడి కింది భాగంలో ఇంకో రెండు ముక్కలు కూడా రాయడం మొదలుపెట్టారు. ‘నీలపల్లి పాలు రాలేదు.’ ‘కూరల అబ్బాయిని వెనక్కి పంపారు.’ ‘ఎదుర్లంక పెళ్లి ఆగింది.’ ‘ఇంజరం పిల్ల పురుడు, తల్లి రాలేదు.’ అంతే. వ్యాఖ్య లేదు, నిట్టూర్పు లేదు. చరిత్ర పాఠం చెప్పిన మనిషి కాబట్టి తేదీ పక్కన జరిగింది మాత్రం రాశారు.

ఆ ముక్కల వెనక ఉన్నది నాకు కొంత తెలుసు. పాలబ్బాయిది మా ఊరే. యానాంలో అతను పాలు పోసే ఇళ్లన్నీ మా ఊరికి కూతవేటు దూరంలోవి. మొదటి రోజుల్లో అతన్ని దాటనివ్వలేదు. పాలిచ్చే గేదె లాక్‌డౌన్ అని ఆగదు. పితికిన పాలు ఎక్కడ పోయాలి? తర్వాత కాపలా ఉన్న పోలీసులే ఒక దారి చూశారు. గీతకు అటు వైపు అతను క్యాను దించి పక్కకు జరిగేవాడు, ఇటు వైపు ఇంకొకరు వచ్చి తమ క్యానులోకి ఒంపుకునేవారు. ఏ ఉత్తర్వులోనూ ఆ పద్ధతి లేదు. ఇద్దరు కానిస్టేబుళ్లు, ఒక పాలబ్బాయి, ఒక ఇల్లాలు కలిసి చేసుకున్న ఏర్పాటు. ఆ వేసవి మొత్తంలో రెండు ప్రభుత్వాల మధ్య నా కళ్లతో చూసిన ఒప్పందం అదొక్కటే.

ఇంజరం అమ్మాయి సంగతి అలా తేలలేదు. యానాం కోడలు. తొలి కాన్పు. మన ఆచారం ప్రకారం పురిటికి పుట్టింటికి వెళ్లాలి. పుట్టిల్లు సైకిలు మీద వెళ్లేంత దగ్గర, కానీ వేరే రాష్ట్రం. ఆంధ్ర వైపు ప్రయాణానికి స్పందన వెబ్‌సైటులో పాసు పెట్టుకోవాలి, యానాం వైపు ఇంకో అనుమతి కావాలి. ఒకటి వచ్చేసరికి రెండోది గడువు దాటేది. చివరికి ఆ పిల్ల ఇక్కడే ప్రసవించింది, ఇద్దరూ క్షేమం. తల్లి మనవణ్ణి చూడడానికి వచ్చేసరికి బారసాల కూడా అయిపోయింది. ప్రాణం పోలేదు కాబట్టి ఇది ఏ లెక్కలోనూ చేరలేదు. కానీ తొలి కాన్పు నొప్పుల్లో తల్లి చెయ్యి దొరకని ఆడపిల్ల దాన్ని మరిచిపోతుందా? నేను మరిచిపోమని చెప్పలేను.

ఏప్రిల్ ముదిరి ఉక్కపోత మొదలయ్యాక ఇళ్లలో ఆవకాయ పని పడింది. మామిడికాయ గీత అవతల పిల్లంక వైపు తోటల నుంచి రావాలి, పప్పునూనె కాకినాడ నుంచి రావాలి. అమ్మగారు ఎలాగో సంపాదించి, ఏటా పెట్టినట్టే కాకినాడలో ఉన్న కూతురికి కూడా కలిపి పెట్టారు. ఆ జాడీ జూన్ దాకా ఇల్లు కదల్లేదు. వీడియోలో మనవలకు జాడీ చూపించేవారని మేష్టారు నాతో ఫోనులో చెప్పారు.

ఏప్రిల్ 30న కేంద్ర ఆరోగ్యశాఖ జిల్లాలన్నిటికీ ఎరుపు, నారింజ, ఆకుపచ్చ రంగులు ఇచ్చింది. యానాం ఆకుపచ్చ. చుట్టూ ఉన్న తూర్పు గోదావరి నారింజ. ఆ రోజు యానాంలో చాలామందికి ఊపిరి ఆడింది, అది సహజం. ఊరు చిన్నది, చేతిలో ఉన్న ఆసుపత్రి మీద ఎంత బరువు పెట్టగలమో అందరికీ తెలుసు. కానీ రంగు వచ్చాక మాట మారింది. నిన్నటి దాకా నీలపల్లి నుంచి వచ్చిన మేస్త్రీ ఇప్పుడు నారింజ జిల్లా మనిషి అయ్యాడు. కాకినాడలో కిరాణా సామాను కట్టించుకొచ్చిన యానాం వర్తకుడినే సొంత వీధివాళ్లు ఎడంగా చూశారు. మా ఊళ్లో కూడా అంతే. యానాంలో ఉద్యోగం చేసే వాళ్ల ఇళ్లకు కొంతకాలం చుట్టపక్కాలు రాలేదు. భయం రెండు వైపులా ఒకే తీరున ఉంది, సరిహద్దు రంగు మాత్రమే తేడా.

అంతకు ముందే, ఏప్రిల్‌లో, బయట చిక్కుకుని ఇంటికి తిరిగివచ్చిన యానాం వాసులను ఊళ్లోకి రానివ్వకుండా సరిహద్దులో ఆపారు. అప్పుడు పుదుచ్చేరి ఆరోగ్యమంత్రి ఎవరు? యానాం శాసనసభ్యులు మల్లాడి కృష్ణారావు గారే. ఆయన సరిహద్దు దగ్గరే ధర్నాకు కూర్చున్నారు. ముఖ్యమంత్రి నారాయణస్వామి ప్రభుత్వానికీ లెఫ్టినెంట్ గవర్నర్ కిరణ్ బేడీ గారికీ మధ్య అప్పటికే నడుస్తున్న తగవు ఇక్కడి గీత మీదికి వచ్చి పడింది. ఆ తగవులో ఎవరి పక్షం ఎంత అన్నది ఈ సభ పని కాదు. నాకు ముఖ్యమనిపించేది ఇది: మొత్తం ప్రాంతపు ఆరోగ్యశాఖ చేతిలో ఉన్న మంత్రి, సొంత నియోజకవర్గం వాళ్లను సొంత ఇళ్లకు చేర్చడానికి రోడ్డు మీద కూర్చోవలసి వచ్చింది. మంత్రికే ఆ గతి అయితే పాసు కోసం ఫోను పట్టుకుని కూర్చున్న కూలీ మాట ఏమిటి?

నేను కాపలా కాసినవాళ్లను తప్పుపట్టడం లేదు. మే ఎండలో టార్పాలిన్ కింద నిలబడి, తమ ఇంట్లో పిల్లల్ని ముట్టుకోకుండా నెలలు గడిపినవాళ్లు వాళ్లు. 1897 నాటి అంటువ్యాధుల చట్టం, 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం, ఈ రెంటి కింద వచ్చిన ఉత్తర్వులు రాష్ట్రాన్ని దృష్టిలో పెట్టుకుని రాసినవి. రాష్ట్రం మధ్యలో ఇంకో ప్రభుత్వపు ఊరు ఉంటుందని, ఆ ఊరి పాలు, కూరలు, చాకిరీ, వైద్యం అన్నీ గీత అవతల ఉంటాయని వాటిని రాసినవారి ఊహకు రాలేదు. అది మనం ఊహించి ముందే చెప్పి ఉండాల్సిన సంగతి. మనమంటే యానాం వాళ్లూ, మేమూ.

డబ్బు సంగతి చూడండి. ఏప్రిల్ మొదట్లో ఆంధ్రలో రేషన్ కార్డున్న కుటుంబానికి 1,000 రూపాయలు వలంటీరు ఇంటికి తెచ్చి ఇచ్చాడు. పుదుచ్చేరి ప్రభుత్వం కార్డుకు 2,000 ప్రకటించింది. అటు బియ్యం, ఇటు బియ్యమా బ్యాంకులో డబ్బా అన్న పాత వివాదం. కార్డు ఏ వైపుదైతే సాయం ఆ వైపుది. కానీ పని? నీలపల్లి, పిల్లంక కూలీ యానాంలో ఇళ్లు కట్టేవాడు; అతని పనిని ఆపింది ఒక ప్రభుత్వం, పస్తును లెక్కపెట్టాల్సింది ఇంకో ప్రభుత్వం. యానాంలో ఇలాంటి దెబ్బ ఇదే మొదటిది కాదు. 2012 జనవరిలో రీజెన్సీ సిరామిక్స్ గొడవలు జరిగి ఆ ఫ్యాక్టరీ మూతపడినప్పుడు కూడా గీతకు రెండు వైపులా పొయ్యిలు ఆరాయి. ఆ కుటుంబాల్లో చాలామంది తర్వాత రోజుకూలీలో పడ్డారు. లాక్‌డౌన్ వాళ్లనే మళ్లీ కొట్టింది.

మత్స్యకారులకు ఏటా తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ ఏడు మార్చి నుంచే పడవలు ఒడ్డున ఉండిపోయాయి కాబట్టి కేంద్రం గడువును మే 31కే ముగించింది. అవతలి ఒడ్డున వేట నిషేధ భృతి 10,000 రూపాయలు మే 6న పడింది, ఇవతలి ఒడ్డున లెక్క వేరు. ఒకే నీటిలో వల వేసేవాళ్లు, రెండు ఖాతాలు. యానాంలోని దరియాలతిప్ప వాళ్లు వేట మొదలుపెట్టినా చేప ఎక్కడ అమ్మాలి అన్న ప్రశ్న మిగిలింది. 

పదో తరగతి పిల్లల సంగతి మేష్టారిని బాగా కలవరపెట్టింది. ఆయన రిటైరై చాలా ఏళ్లయినా వీధిలో పిల్లలు ఆయన దగ్గరికే వచ్చేవారు. జూన్ 9న తమిళనాడు పది పరీక్షలు రద్దు చేసింది. ఆ బోర్డు కింద చదివే పుదుచ్చేరి, కారైకాల్ పిల్లలకు ఆ రోజే తేలిపోయింది. మాహే పిల్లలు కేరళ బోర్డు, మే నెలాఖరులోనే పరీక్ష రాసేశారు. యానాం పిల్లలది ఆంధ్ర బోర్డు. ఒకే ప్రభుత్వం కింద నాలుగు ఊళ్లు, మూడు నిర్ణయాలు. మన పిల్లలు జూన్ 20న ఆంధ్రప్రదేశ్ రద్దు ప్రకటించేదాకా పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నారు. క్యాలెండరులో ఆ తేదీ గడిలో ‘పరీక్షలు లేవు, పిల్లలు ఏడ్చారు’ అని ఉంది. ఎందుకు ఏడ్చారో నాకు అర్థమైంది. చదివినవాడికి పరీక్ష లేకపోవడం కూడా కష్టమే.

మద్యం గురించి కూడా చెప్పాలి, అది ఈ గీతకు అంటుకున్న విషయమే. మే 4న ఆంధ్రలో దుకాణాలు తెరిచారు, రెండు రోజుల్లో ధర 75 శాతం పెంచారు. పుదుచ్చేరిలో మే 25న తెరిచారు. తర్వాత ఏం జరిగిందో గౌతమి ఒడ్డున ఉన్నవాళ్లకు చెప్పనక్కర్లేదు. పురిటికి వెళ్లే తల్లికి దొరకని దారి సీసాకు దొరికింది. నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

ఇలాంటి చోట్లు ప్రపంచంలో ఇంకా ఉన్నాయి. బెల్జియం, నెదర్లాండ్స్ దేశాల మధ్య బార్లే అనే ఊరు ఉంది. గీత ఇళ్ల మధ్య నుంచి, దుకాణాల మధ్య నుంచి పోతుంది. 2020 మార్చిలో బెల్జియం దుకాణాలు మూయించింది, నెదర్లాండ్స్ మూయించలేదు. ఒక బట్టల దుకాణంలో మధ్యకు టేపు కట్టి, బెల్జియం సగం మూసి, నెదర్లాండ్స్ సగంలో అమ్మకం సాగించారు. అక్కడ రెండు పురపాలక సంఘాలు కలిసి కూర్చుని మాట్లాడుకునే ఉమ్మడి సంఘం ముందే ఉంది. ఇబ్బంది పడ్డారు, కానీ ఎవరితో మాట్లాడాలో తెలిసి ఇబ్బంది పడ్డారు.

మన దగ్గరి ఉదాహరణ కాసరగోడు. కేరళ ఉత్తరపు కొసన ఉన్న ఆ జిల్లావాళ్లకు పెద్దాసుపత్రి అంటే కర్ణాటకలోని మంగళూరు. ఆ మార్చి చివర కర్ణాటక దారులకు మట్టి పోసి మూసేసింది. సరిహద్దులోని తలపాడి దగ్గర ఆగిపోయిన రోగుల్లో కొందరి ప్రాణాలు పోయాయి. ఏప్రిల్ 1న కేరళ హైకోర్టు, వైద్యానికి వెళ్లే మనిషిని ఆపడం జీవించే హక్కును కాలరాయడమేనని చెప్పి, ఆ అడ్డంకులు తీయించమని కేంద్రాన్ని ఆదేశించింది. విషయం సుప్రీంకోర్టు దాకా పోయింది. వారం తిరక్కుండానే, రోగులను దాటించే పద్ధతి మీద రెండు రాష్ట్రాలూ అంగీకారానికి వచ్చాయని కేంద్రం ఆ కోర్టుకు చెప్పింది. వారంలో కుదిరిన పద్ధతి అది. ప్రాణాలు పోకముందు ఎందుకు కుదరలేదన్నది నన్ను వదలని ప్రశ్న.

ఇక 2021. దీని గురించి మాట్లాడడం అమ్మగారి ఎదుట నాకు కష్టం. అయినా ఆవిడే మాట్లాడమన్నారు.

ఫిబ్రవరిలో పుదుచ్చేరి ప్రభుత్వం పడిపోయింది. ఏప్రిల్ 6న ఎన్నిక. తర్వాత ముఖ్యమంత్రి అయిన ఎన్.రంగస్వామి గారు పుదుచ్చేరిలోని తట్టాంచావడితో పాటు యానాంలోనూ నిలబడ్డారు. అంత పెద్ద పోటీ ఈ ఊరు ఎప్పుడూ చూడలేదు. స్వతంత్ర అభ్యర్థి గొల్లపల్లి శ్రీనివాస్ అశోక్ 655 ఓట్ల తేడాతో గెలిచారు. రంగస్వామి గారు మే 7న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు, రెండు రోజులకే ఆయనకూ కోవిడ్ తేలింది. ప్రచారమంతా గీతకు రెండు వైపులా జనం, వాహనాలు, భుజం భుజం రాసుకుని నడిచారు. ముందు ఏడు పాల క్యానును ఆపిన చోట ఆ ఏడు ఏ బండినీ ఆపలేదు. జబ్బు తగ్గిపోయిందని అందరం నమ్మాలనుకున్నాం.

అరవై దాటినవాళ్లకు మార్చి 1 నుంచి టీకా ఇచ్చారు. మేష్టారు మొదటి డోసు వేయించుకున్నారు, ఎన్నికలో ఓటు వేశారు. రెండో డోసు తేదీ రాకముందే జ్వరం వచ్చింది. ఆక్సిజన్ తగ్గింది. కాకినాడలో మంచం కోసం ఆయన పాత శిష్యులు ఎన్ని చోట్లకు ఫోన్లు చేశారో వాళ్లకే తెలుసు. ఆ రోజుల్లో తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ అందక ఒక్క రాత్రి 11 మంది పోయారు. తెలంగాణ సరిహద్దులో పుల్లూరు దగ్గర ఆంధ్ర అంబులెన్సులను ఆపేస్తే, అక్కడి హైకోర్టు కలగజేసుకుని ఆ ఉత్తర్వు మీద స్టే ఇచ్చింది. అంటే కాసరగోడు జరిగి ఏడాది దాటినా ఆ పాఠం మనదాకా రాలేదు. మేష్టారికి మంచం దొరికింది, ఆలస్యంగా దొరికింది.

మే 5 నుంచి ఆంధ్రలో మధ్యాహ్నం 12 నుంచి మర్నాటి ఉదయం 6 దాకా కర్ఫ్యూ. అందుకని ఆయన అంత్యక్రియలు పొద్దున్నే పెట్టారు. ఆంధ్ర వైపు బంధువులు పన్నెండు లోపు ఇల్లు చేరాలి కదా. ఎదుర్లంక నుంచి ఆయన చెల్లెలుగారు వచ్చి, ఎడంగా నిలబడి, అన్నగారి మొహం సరిగా కనపడకుండానే టైము చూసుకుని వెనక్కి వెళ్లారు. ఎన్నో వందల మందికి అక్షరం చెప్పిన మనిషి వెంట నడిచింది పట్టుమని పది మంది కాదు. నేను ఆ కొద్దిమందిలో ఉన్నాను. ఊరంతా రావాల్సిన మనిషి ఆయన.

తర్వాత కొన్ని మారాయి. 2022 ఏప్రిల్ 4న తూర్పు గోదావరి జిల్లా విడిపోయింది. ఇప్పుడు నీలపల్లి కాకినాడ జిల్లాలోది, ఎదుర్లంక డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లాలోది. అప్పుడు యానాం ఒక కలెక్టరుతో మాట్లాడితే సరిపోయేది, ఇప్పుడు ఇద్దరు. 2024 ఫిబ్రవరిలో జిప్‌మర్ వారి మల్టీ స్పెషాలిటీ యూనిట్‌ను ఇక్కడ ప్రారంభించారు. అది పెద్ద మేలు, అది పూర్తిగా పని చేస్తే మా ఊళ్ల రోగులు కూడా ఇటే వస్తారు. అంటే రేపు గీత మూస్తే చిక్కుకునేది ఈసారి మేము. నా మాటలో స్వార్థం ఉందని ఎవరైనా అంటే ఉందనే చెబుతాను.

ఇన్నేళ్లు గడిచినా, ఈ గీత మళ్లీ మూస్తే ఏం చేయాలో చెప్పే కాగితం ఒక్కటి మన చేతిలో లేదు. వరద వస్తే ఏం చేయాలో మనకు తెలుసు. ధవళేశ్వరంలో మొదటి హెచ్చరిక, రెండోది, మూడోది అని వరస ఉంది, ఏ వీధివాళ్లు ఎక్కడికి వెళ్లాలో పిల్లలు కూడా చెబుతారు. 2020 ఆగస్టులో కరోనా మధ్యనే గోదావరి పొంగితే, ఆ వరస ఉండబట్టే మనుషులు దక్కారు. జబ్బుకు అలాంటి వరస కావాలి. యానాం ప్రాంతీయ పరిపాలనాధికారి, కాకినాడ కలెక్టరు, కోనసీమ కలెక్టరు ముగ్గురూ సంతకం పెట్టినదై ఉండాలి. ఏటా ఎండాకాలం ముందు ఒకసారి కూర్చుని తిరగరాసుకునేదై ఉండాలి.

అందులో ఏముండాలో నాకు స్పష్టంగానే ఉంది. డయాలసిస్‌కు వెళ్లే రోగిని, నెలలు నిండిన ఆడపిల్లను, వాళ్లతో వెళ్లే ఒక మనిషిని ఏ పాసూ అడగకూడదు, ఆసుపత్రి చీటీ చాలు. ఇంటికి తిరిగివచ్చినవాణ్ణి గీత మీద నిలబెట్టకూడదు; లోపలికి తీసుకుని వేరుగా ఉంచే చోటు ముందే చూసి పెట్టాలి, అన్నం పెట్టే బాధ్యత ఎవరిదో రాయాలి. గీతకు ఒక వైపు ఉండి ఇంకో వైపు పని చేసేవాళ్ల జాబితా పంచాయతీల్లోనూ మున్సిపాలిటీలోనూ ముందే ఉండాలి, వాళ్లకిచ్చే కార్డు రెండు వైపులా చెల్లాలి. పని ఆగితే సాయం కార్డు ఉన్న వైపు నుంచా, పని ఉన్న వైపు నుంచా అన్నది తేల్చాలి. నా అభిప్రాయం, రెండూ చెరిసగం. పాలు, కూరలు, మందులు చేతులు మారే చోటు ఒకటి పేరు పెట్టి చెప్పాలి. టీకా నమోదులో యానాం పుదుచ్చేరి కింద వేరే జిల్లా కావడంతో, కోవిన్‌లో తూర్పు గోదావరి అని వెతికినవాళ్లకు పక్క వీధిలో ఉన్న కేంద్రం కనపడలేదు. పొరుగు కేంద్రాలు కూడా చూపించమని రెండు వైపుల నుంచీ రాయాలి. చావు ఉంటే ఆ రోజు రక్తసంబంధీకులకు దారి ఇవ్వాలి. ఈ చివరి మాట నేను ఎవరి కోసం చేర్చానో మీకు తెలుసు.

ఇది పుదుచ్చేరి నుంచో అమరావతి నుంచో దిగిరావాలని కూర్చుంటే రాదు. ముసాయిదా ఇక్కడి నుంచి పైకి వెళ్లాలి. మా తాళ్లరేవు మండలం వైపు ముసాయిదా రాసే పని నేను తీసుకుంటున్నాను, మా పంచాయతీల పెద్దలతో మాట్లాడాను. ఎదుర్లంక వైపు నుంచి మేష్టారి మేనల్లుడు ఒప్పుకున్నారు. యానాం వైపు ఎవరు రాస్తారో ఈ సాయంత్రం సభ ముగిసేలోగా పేర్లు ఇవ్వమని అడుగుతున్నాను. కనీసం ముగ్గురు కావాలి. వారిలో ఒకరు నర్సుగా పని చేసినవారైతే మంచిది.